పిప్పంటే ప్రాణం

నానిన బాదం పప్పు తొక్క తీయడంలో ఒక సుఖం ఉంది. రాత్రంతా నీళ్ళు తాగి ఉబ్బిన పప్పుని రెండు వేళ్ళ మధ్య పట్టి చిన్నగా నొక్కితే చాలు, తల స్నానం చేయించిన పసిబిడ్డలా తెల్లగా బయటికి జారుతుంది. అప్పుడప్పుడూ ఒకటి చేతిలోంచి ఎగిరి స్టవ్వు కిందికి పారిపోతుంది. ఆమె దాన్ని తిట్టదు. ఇంట్లో ఎవరో ఒకరు తప్పించుకోవాలిగా అనుకుంటుంది.

"ఏం పాలపిట్టా, పాలు పితకడం అయిందా?" అన్నాడు భర్త, పళ్ళు తోముకుంటూ వంటింటి తలుపు దగ్గర నిలబడి.

"నురగ కారుతోంది, ముందు పోయి ఉమ్మండి."

అతను నవ్వుతూ వెళ్ళాడు. బళ్ళో లెక్కలు చెబుతాడు. మామూలు పాలు తన కడుపుకి పడవని డాక్టరు తేల్చినరోజు, ఉరిశిక్ష విన్నవాడిలా ఇంటికొచ్చాడు. ఆ మర్నాడే ఆమె గుప్పెడు బాదం పప్పు రుబ్బి, పాత నూలుచీర ముక్కలో వేసి పిండి, గోరువెచ్చగా చేసి గ్లాసుతో ఇచ్చింది. తాగి, పెదవి తుడుచుకుని, "ఆవు లేదు, గేదె లేదు, ఇంట్లో పాడి!" అన్నాడు. ఆ రోజునుంచి ఆమె పేరు పాలపిట్ట. తర్వాత ఎముకలకి మంచిదని అత్తగారికి నువ్వుల పాలు వచ్చాయి. తర్వాత కూతురికి జీడిపప్పు పాలు, అందులో ఒక ఖర్జూరం. జీడిపప్పుకి వడకట్టే పని లేదు, అది పిల్లల్లాగే పూర్తిగా కలిసిపోతుంది. వచ్చినవాళ్ళకి ఓట్స్ పాలు. వాటిని ఎక్కువసేపు తిప్పితే జిగురొస్తుంది, తక్కువ తిప్పితే నీళ్ళు. ఇవన్నీ చేసి, గుడ్డలు ఉతికి ఆరేసి, పళ్ళు కోసి ఎవరి ప్లేటులో వాళ్ళకి సర్ది ఆమె కళ్ళజోళ్ళ షాపుకి పరుగెత్తుతుంది. అక్కడ ఆమె కంటి పరీక్షలు చేస్తుంది.

పిప్పి సంగతి మొదలైంది కూడా ఆ మొదటి రోజే. అతని గ్లాసు నిండింది, అత్తగారికి సగం కప్పు వచ్చింది, అక్కడికి పాలు ఐపోయాయి. ఆవిడ మంచి మనిషి. కోడలికి పెట్టకుండా ముద్ద గొంతు దిగదు. "నీకేదమ్మాయ్?" అంది. ఆమె గుడ్డలో మిగిలిన పిప్పి చూపించి, "నాకు ఇదే ఇష్టం అత్తయ్యా" అంది. ఒక్క మాట. చీమ తలకాయంత అబద్ధం. ఆ పూట గడవడానికి ఆడింది. కానీ ఇంట్లో ప్రేమ ఉన్నచోట అబద్ధానికి కూడా ఎరువు బాగా అందుతుంది. ఆ తర్వాత బాదం పప్పు డబ్బా నిండా వచ్చింది, ఆమె వంతు మాత్రం మారలేదు. అత్తగారు పొరపాటున పిప్పి పారేయబోతే, "అమ్మా, ఆగు! అదంటే తనకి ప్రాణం" అని భర్త కేకవేసేవాడు. గిన్నెలో పెట్టి, మూతేసి ఫ్రిజ్‌లో దాచేవాడు. మామిడిపండు తింటే టెంకెకి కాస్త కండ ఎక్కువ ఉంచి ఆమె ప్లేటులో పెట్టేవాడు. ఆపిల్ మధ్యభాగం ఆమెది, దానిమ్మలో రాలిపోయి నలిగిన గింజలు ఆమెవి. చుట్టాలింటికి వెళ్ళినప్పుడు కూడా ఊరుకోడు. "వదినా, పళ్ళరసం తీశావుగా, పిప్పి పారేయకు, మా ఆవిడకి ఇష్టం" అనేవాడు. వదిన ఆమెని ఎగాదిగా చూసేది. అతని మొహంలో మాత్రం పెళ్ళాం మనసు తెలిసిన మగవాడి గర్వం. ఆ గర్వం చూస్తే ఆమెకి జాలి. జాలి వేసినచోట కోపం ఎలా నిలబడుతుంది? సింకు దగ్గర నిలబడి, ఒక చేత్తో కుళాయి తిప్పుతూ, రెండో చేత్తో తడిసిన సుద్దపొడిలాంటి ఆ ముద్దని నోట్లో వేసుకునేది. నమలకుండా మింగడం ఎప్పుడు నేర్చుకుందో ఆమెకే గుర్తులేదు.

ఆ వారం అతని బళ్ళో తల్లిదండ్రుల సమావేశం. ఆరోగ్యం గురించి మాట్లాడమని హెడ్‌మాస్టరమ్మ అతన్నే అడిగింది. కడుపునొప్పి పోయి, చెంపలకి రంగొచ్చి, మెట్లెక్కినా ఆయాసపడని లెక్కల మాస్టారికన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆమె మూడు రకాల పాలు చేసి సీసాల్లో పోసింది, పళ్ళు కోసింది, హాలు వెనక బల్లమీద కాగితపు గ్లాసులు సర్దింది. అతను బాగా మాట్లాడాడు. జనాన్ని నవ్వించాడు. "రాత్రే నానబెడతాం. పొద్దున్నే తొక్క తీస్తాం. రుబ్బుతాం. గుడ్డలో వేసి పిండుతాం. పండు మాత్రం రసం తీయం, కోసుకుని నమిలి తింటాం, దేవుడు పళ్ళిచ్చింది అందుకే" అన్నాడు. వెనక నిలబడి వింటున్న ఆమెకి కోపం రాలేదు, కొంచెం ఆశ్చర్యం వేసింది. ఆ పనులన్నీ చేసిన చేతులు తనవే. అయినా అతను అంత నమ్మకంగా చెబుతుంటే, నిజంగానే అందరూ కలిసి చేస్తున్నారేమో అనిపించింది.

ముందు వరసలోంచి ఒక ముసలావిడ చెయ్యెత్తింది. "అంతా బానే ఉంది గానీ మాస్టారూ, ఆ పిప్పి ఏం చేస్తారు?"

"ఆహా, అసలు ప్రశ్న!" అతని మొహం వెలిగింది. "దానికి మా ఇంట్లో పోటీయే లేదండీ. మా ఆవిడకి పాలకన్నా పిప్పంటే ప్రాణం. అదుగో, వెనక ఉంది, అడగండి."

హాలంతా నవ్వింది. అందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. అవి మంచి నవ్వులే, అక్కడ ఎవరూ ఎవరికీ శత్రువులు కారు. అయినా ఆమె సర్దిన గ్లాసులనే మళ్ళీ సర్దింది.

"నిజమేనా? ఎలా ఉంటుందండీ?" అని పక్కావిడ ఆసక్తిగా అడిగింది.

"పీచు ఎక్కువ కదండీ. ఒంటికి చాలా మంచిది" అంది ఆమె. ఎలా ఉంటుందని అడిగితే ఎందుకు మంచిదో చెప్పానని తర్వాత ఖాళీ సీసాలు కడుగుతుంటే తట్టింది.

ఆ సాయంత్రం కూతురి జడ విప్పుతోంది. ఆ పిల్ల దువ్వెన పళ్ళు మీటుతూ అడిగింది: "అమ్మా, నేను పెద్దయ్యాక నాక్కూడా పిప్పే ఇష్టమవుతుందా?"

"అదేం ప్రశ్నే?"

"ఇప్పుడైతే నాకస్సలు నచ్చట్లేదు. మొన్న నీ గిన్నెలోది కొంచెం నోట్లో వేసుకుని ఉమ్మేశా. ఛీ, రంపపు పొట్టులా ఉంది. మరి పెద్దయ్యాక ఎలా? నీకు ముందునుంచే ఇష్టమా, అమ్మవయ్యాక వచ్చిందా?"

జడపాయలో ఆమె వేళ్ళు ఆగిపోయాయి. ఆ గొంతులో భయం లేదు, దిగులు లేదు. పాలపళ్ళు ఊడి పెద్దపళ్ళు ఎప్పుడొస్తాయని అడిగినట్టే అడిగింది. తను చాటుగా మింగిందనుకున్నది చాటుగా లేదు. ఒక బిడ్డ రోజూ పొద్దున్నే చూసి, అదొక వయసులాంటిదని, ఆడపిల్లకి దానంతటదే వచ్చేస్తుందని లెక్క కట్టేసుకుంది. "కదలకుండా కూర్చో, చిక్కుపడింది" అంది ఆమె. జుట్టులో చిక్కేమీ లేదు.

మర్నాడు షాపులో ఒక పెద్దావిడకి కళ్ళు చూస్తోంది. అద్దం మార్చి, "ఇది బావుందా అమ్మా, ఇందాకటిదా?" అంది.

"రెండూ బానే ఉన్నాయమ్మా."

మళ్ళీ మార్చింది. "ఇప్పుడు?"

"ఇదీ బానే ఉంది. నీకు శ్రమ, ఏదో ఒకటి ఇచ్చెయ్."

రోజుకి ఎంతోమంది ఇలాగే అంటారు. ముఖ్యంగా ఆడవాళ్ళు. మగవాళ్ళు అక్షరం మసకగా ఉంటే షాపు మీద విసుక్కుంటారు, ఆడవాళ్ళు తమ కన్ను మీద నెపం వేసుకుంటారు. ఆమెకి అలవాటైన ఓపికతోనే, "నన్ను మెప్పించడానికి చెప్పకండమ్మా. మీ కంటికి ఎలా ఉందో అది చెప్పండి. మీరు మొహమాటపడితే ఆ అద్దాలతో మెట్లు దిగాల్సింది మీరే" అంది. ఎన్నోసార్లు అన్న మాటే. ఈసారి అది తనకే తగిలింది. తనకేం ఇష్టం? పెద్ద ప్రశ్న కాదు, జీవితం గురించీ కాదు. ఒక పండు. ఒక గ్లాసు పాలు. పళ్ళ దుకాణంలో నిలబడితే ఆమె చెయ్యి తడుముకోకుండా భర్తకి నారింజ, అత్తగారికి మెత్తటి బొప్పాయి, పిల్లకి గింజలు లేని ద్రాక్ష తీస్తుంది. తన పేరు తలుచుకుంటే చెయ్యి కదలదు. ఇష్టాన్ని ఎవరో బలవంతంగా లాక్కుని ఉంటే ఎక్కడ పోయిందో వెతుక్కోవచ్చు. ఇది తనే నవ్వుతూ, ఒక్కొక్క ముక్కా పంచిపెట్టేసింది. పోనీ ఇప్పుడు నిజం చెబితే? ఇన్నేళ్ళూ అతను దాచిపెట్టిన గిన్నెలు, మూతలు, కండ ఉంచిన టెంకెలు... అవన్నీ ఒక్కసారిగా తప్పు చిరునామాకి పోయినట్టవుతాయి. అతని ప్రేమ నిజం, దాన్ని అందుకున్న మనిషే అబద్ధం. ఆ మనిషిని తనే చేసి ఇంట్లో నిలబెట్టి, వెనక నక్కి ఉంది.

"ఇది కాదమ్మా, ఇందాకటిదే బావుంది. ఇది తల తిప్పుతోంది" అంది పెద్దావిడ చివరికి, తప్పు చేసినట్టు నవ్వుతూ.

సెలవురోజు పొద్దున్న ఆమెకి మిక్సీ చప్పుడుకి మెలకువ వచ్చింది. వంటింట్లో భర్త మోచేతుల దాకా బాదం పాలతో నిలబడి ఉన్నాడు. గట్టు తెల్లగా ఉంది, నేల తెల్లగా ఉంది, అతని చెవి కూడా తెల్లగా ఉంది. అత్తగారు స్టూలు మీద కూర్చుని పర్యవేక్షిస్తోంది. కూతురు నేలమీద దొర్లిన పప్పులు ఏరుతోంది.

"నేను వద్దంటూనే ఉన్నానమ్మాయ్. వింటేనా, కందకు లేని దురద నీకెందుకంటాడు" అంది అత్తగారు.

"నువ్వు కూర్చో, ఇవాళ నీ చెయ్యి పడకూడదు" అన్నాడతను. గొంతు తగ్గించి, "మొన్న అందరి ముందూ నిన్ను నవ్వులపాలు చేశానేమోనని అప్పట్నుంచీ మనసు పీకుతోంది. అందుకే..." అంటూ ఒక గిన్నె ఆమె ముందు పెట్టాడు. పైన ఖర్జూరం ముక్కలు అందంగా పేర్చాడు. "గుడ్డని గట్టిగా పిండలేదు. మా గ్లాసుల్లో నీళ్ళే ఉన్నాయి, ఫర్వాలేదు. సారమంతా నీ పిప్పిలోనే ఉంచేశా. తిని చూడు!"

ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత ప్రేమ! ఎంత శ్రమపడి, ఎంత జాగ్రత్తగా, ఎంత తప్పుగా! చెంచా తీసుకుంది. ముగ్గురూ చూస్తున్నారు. 'అబ్బ, ఎంత బావుందో' అనే మాట అలవాటుగా గొంతు దాకా వచ్చేసింది. అప్పుడు కూతురి మొహం కనిపించింది. ఆ పిల్ల ముద్దని చూడటంలేదు, తల్లి మొహంలో ఇష్టం ఎక్కడినుంచి పుడుతుందో చూడాలని రెప్ప వేయకుండా కూర్చుంది.

ఆమె చెంచా కింద పెట్టింది. "నాకిది ఇష్టం లేదండీ."

"తీపి చాల్లేదా?"

"అది కాదు. పిప్పి. నాకు ఎప్పుడూ ఇష్టం లేదు."

అతను చేతిలోని గుడ్డ గట్టు మీద పెట్టాడు.

"ఎప్పుడూ అంటే?"

"మొదటి రోజు పాలు చాల్లేదు. అందుకని అలా అన్నాను."

"ఆ తర్వాత చాలినన్ని ఉన్నాయిగా?" లెక్కల మాస్టారు కదా, మెట్టు తప్పనివ్వడు.

"అప్పటికి మీరందరూ నమ్మేశారు."

అతను నవ్వబోయాడు, కుదరలేదు. "మరి మామిడి టెంకెలు?"

"అవీ అంతే."

"చెప్పొచ్చుగా!" అన్నాడు. ఆ మాటలో కోపంకన్నా దెబ్బ ఎక్కువ వినిపించింది.

నిజమే, చెప్పొచ్చు. ఆ తప్పు తనది. కానీ మొత్తం తనదేనా? "చెప్పొచ్చు" అంది ఆమె, గొంతు పెంచకుండా. "మీరూ ఒక్కసారి నోట్లో వేసుకుని చూడొచ్చుగా."

అతను గిన్నె తన దగ్గరికి లాక్కున్నాడు. ఖర్జూరం ముక్కలు పక్కకి నెట్టి, చెంచా నిండా పిప్పి తీసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. నములుతూనే ఉన్నాడు. అది తరగదు, ఆమెకి తెలుసు. మింగడానికి అతని గొంతు రెండుసార్లు కదిలింది. మొహం తిప్పుకోలేదు. "ఇన్నేళ్ళు..." అన్నాడు.

"సందు దొరికింది గనక నేనూ చెప్పేస్తా" అంది స్టూలు మీదనుంచి అత్తగారు. "నీ నువ్వుల పాలు చేదమ్మాయ్. నువ్వంత కష్టపడి చేస్తున్నావు కదాని కళ్ళు మూసుకుని తాగుతున్నా."

ముందు కూతురు నవ్వింది. తర్వాత ఆమె. చివరికి అతను కూడా, చెవికి అంటిన పాలు తుడుచుకుంటూ.

"మరి నీకేం ఇష్టం?" అని అడిగాడు. ఇంతకుముందు ఎప్పుడూ అడగలేదని కాదు, అడిగిన ప్రతిసారీ జవాబు కూడా తనే చెప్పేవాడు. ఇప్పుడు అడిగి, ఆగాడు.

"తెలీదు" అంది ఆమె. అది చెప్పడానికి సిగ్గు వేయలేదు. "చూడాలి."

లేచి, పళ్ళ బుట్టలోంచి ఒక బేరిపండు తీసింది. కుళాయి కింద కడిగింది. చెయ్యి కత్తి వైపు వెళ్ళింది. వెనక్కి తీసుకుంది. కుర్చీ లాక్కుని కూర్చుని, పండుని పండులాగే కొరికింది. రసం గడ్డం మీదకి కారింది.

"నాకో ముక్క" అని కూతురు రోజూలాగే చెయ్యి చాపింది. ఆమె చెయ్యి దానంతటదే ముందుకి కదిలింది. సగం దూరంలో ఆగింది.

"బుట్టలో ఇంకోటి ఉంది, తీసుకో తల్లీ" అంది. మొదటిసారి కొరికితే ఇష్టమో కాదో ఏమీ తేలలేదు. అందుకని, ఎవరి వైపూ చూడకుండా, నెమ్మదిగా రెండోసారి కొరికింది.