బొట్టు పెట్టిన చోట

నేను ఒక పాత కంప్యూటర్ని. కాకినాడలో ఒక మేడ మీది గదిలో పదకొండేళ్లుగా ఉన్నాను. మనుషులు నన్ను డొక్కు అంటారు గానీ, ముఖ్యమైనవన్నీ తెచ్చి నా కడుపులోనే దాస్తారు.

నా యజమాని హైమవతి నా మీదే ఒక యాప్ తయారు చేసింది. గొంతు ఆపరేషన్‌తో మాట పోయేవాళ్లు ముందుగానే తమ మాటలు అందులో రికార్డు చేసుకుంటారు. తర్వాత ఫోన్లో నొక్కితే వాళ్ల గొంతే పలుకుతుంది. ఆ యాప్‌ను కట్టిన సాఫ్ట్‌వేర్‌ను దాని కంపెనీ ఆపేసింది. ఫోన్లు అప్‌డేట్ అయ్యేసరికి యాప్ తెరుచుకోవడం మానేసింది, గొంతులన్నీ లోపలే ఉండిపోయాయి.

హైమ తిండీ తిప్పలూ మాని ఆర్నెల్లలో కొత్త సాఫ్ట్‌వేర్‌తో యాప్‌నంతా మళ్లీ రాసింది. బ్రహ్మాండంగా వచ్చింది. ఇక పాతదాని మీద వేసిన డిజిటల్ ముద్రే దీని మీదా వెయ్యాలి. అప్పుడే ఆ గొంతులు కొత్త యాప్‌కు దక్కుతాయి. ముద్ర నా దగ్గర భద్రంగా ఉంది. దాన్ని తెరిచే పొడుగాటి పాస్‌వర్డు మాత్రం హైమ మొదట్లోనే ఒక్క కాగితమ్ముక్క మీద రాసి నా నుదుటికి అంటించింది.

రెండేళ్ల కిందట ఆయుధపూజ నాడు నన్ను తడిగుడ్డతో తుడుస్తూ, "పండగ పూట మొహాన ఈ మురికి కాగితం ఏంటి నీకు?" అని గోటితో గీకి పారేసింది. అదే చోట పసుపు రాసి బొట్టు పెట్టింది. నాకు నోరుంటేనా!

ఇప్పుడు తోచినవన్నీ కొట్టి చూస్తోంది. తప్పు, తప్పు అని చెప్పాల్సింది నేనే. ఇంత పాడు ఉద్యోగం ఇంకోటి ఉండదు.

నిన్న తాళ్లరేవు నుంచి సత్యవేణి ఫోన్ చేసింది.

"అమ్మా, మా ఆయన మాటలు ఎప్పుడొత్తాయండి? కొత్తది పంపుతానన్నారు కదండి."

"ఇంక రావండీ. తప్పు నాదే."

"అయ్యో, ఆ ముక్క ఆయనకి నేనెలా చెప్పేదండి? పక్కనే ఉన్నారు, మీరే చెప్పండి."

ఫోను చేతులు మారింది. అవతల నుంచి ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు. హైమ జరిగిందంతా చెప్పింది. ఊపిరి అలాగే వినిపించింది, తర్వాత ఫోను కట్టయింది.

ఆమె నా దగ్గరికొచ్చి ఎండిపోయిన కుంకుమను గోటితో గీకింది. కింద జిగురు మరక తప్ప ఏమీ లేదు. ఏడ్చింది. నాకూ ఏడవాలనిపించింది.

ముద్ర ఇంకా నాలోనే ఉంది కాబట్టి నన్ను పాత సామాన్లకు వెయ్యదట. ఈ ఉదయం మళ్లీ వచ్చి కూర్చుని, ఏదో కొట్టి నా వైపు చూసింది. తప్పు అన్నాను.