ఒగ్గడమంటే?

అచ్యుతరామయ్యకి పాఠం చెప్పడమంటే ప్రాణం. వినేవాళ్లకి ఎక్కుతోందా లేదా అన్న బెంగ మాత్రం ఆయనకి ఏనాడూ లేదు. విశాఖలో స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో బందరు నుంచి వచ్చి, ఒక కాంట్రాక్టు కంపెనీలో ట్రైనింగు మాస్టారుగా చేరాడు. చుట్టుపక్కల ఊళ్ల కూలీలకి క్రేను పని నేర్పి ఖలాసీలను చెయ్యడం ఆయన ఉద్యోగం. రేకుల షెడ్డులో నల్లబల్ల పెట్టి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. అప్పజెప్పినవాడు పాసు. తెల్లమొహం వేసినవాడు మళ్లీ తట్టా పారా పట్టుకోవలసిందే.

జగ్గారావు తెల్లమొహం కూడా వెయ్యలేదు, నవ్వాడు. అదీ ఆయన కడుపుమంట. ఆనందపురం దగ్గర పొలం పని మానుకుని, ఖలాసీ అయితే చాలని వచ్చిన మనిషి. "క్రేను నిలబెట్టే చోట గుంట కనబడితే ముందు పూడ్చెయ్యాలి" అని మాస్టారు గంభీరంగా చెబుతుంటే, పకపకా నవ్వి క్లాసంతటినీ నవ్వించాడు. ఆ రోజే అచ్యుతరామయ్య వాణ్ణి మనసులో ఫెయిలు చేసేశాడు. ఇవాళ సాయంత్రం ఇంజనీరు శ్రీరామ్మూర్తి గారికి ఎవరు పనికిరారో చెప్పాలి. వీడి పేరు ముందు చెప్పి పీడా వదిలించుకుందామనుకుంటూ యార్డులోకి నడిచాడు.

అక్కడ క్రేను ఒక ఇనప ప్లేటుని దుంగల మీదికి దింపుతోంది. ప్లేటు కాస్త ఊగుతోంది. మాస్టారు చూస్తూ ఊరుకునే మనిషా? ముందుకెళ్లి అంచు మీద చెయ్యి వేశాడు.

"మేస్టారూ, సెయ్యొగ్గీండి!" అవతల నుంచి జగ్గారావు అరిచాడు.

దోసిలి ఒగ్గడం, చెవి ఒగ్గడం. బందరు మనిషికి తెలిసిన ఒగ్గడం అదే, చాచి పట్టడం. సాయం పట్టమంటున్నాడు కాబోలనుకుని రెండో చెయ్యి ప్లేటు కిందికి చాచాడు.

"ఒగ్గీండి బాబూ, ఒగ్గీండి!" అంటూనే జగ్గారావు పరుగున వచ్చి ఆయన్ని నడుం పట్టి వెనక్కి లాగేశాడు. ఇద్దరూ మట్టిలో పడ్డారు. ప్లేటు ధడాలున దుంగల మీద కూర్చుంది. అచ్యుతరామయ్యకి ఒక గోరు ఊడింది, చేతులు మిగిలాయి.

భయం కోపమవడానికి ఎంతసేపు? "చెయ్యి పెట్టమని నువ్వే అరిచి, నువ్వే లాగుతావేమయ్యా!"

"నానా? ఒగ్గీమన్నాను బాబూ."

"ఒగ్గడమంటే?"

"ఏటుంది, ఒదిలీడమే."

అచ్యుతరామయ్య తన రెండు చేతులకేసీ చూసుకున్నాడు. ఇద్దరిదీ తెలుగే, మాటా ఒకటే. మరి ఇన్నాళ్లూ షెడ్డులో తను చెప్పిన మాటలు వీళ్ల చెవుల్లో ఏమేమయ్యాయో!

"ఆ రోజు ఎందుకు నవ్వావు?"

జగ్గారావు తల గోక్కున్నాడు. "మాకాడ గుంటంటే ఆడపిల్ల బాబూ. కనబడితే పూడ్సీమన్నారు మీరు. నాకూ ఓ గుంటుంది. నవ్వొచ్చీసింది."

మాస్టారు నవ్వబోయాడు గానీ సిగ్గు అడ్డొచ్చింది.

సాయంత్రం శ్రీరామ్మూర్తి గారు అడిగారు, "ఎవరు పనికిరారు మాస్టారూ?"

"ఇంకా తెలీదండీ. వాళ్లకి కాదు, నాకు ఒక నెల గడువివ్వండి. పాఠం మార్చాలి."

"పుస్తకం ఉందిగా?"

"పుస్తకం మంచిదేనండీ. కానీ ప్రాణం మీదికొస్తే ఎవడూ పుస్తకంలో మాట అరవడు."

ఇంజనీరు గారు గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు.

మర్నాటి నుంచి క్లాసు యార్డులోనే. ముందు పని, తర్వాత మాట. ఏ తాడు ఎంత బరువు మోస్తుందో, ఎందుకు తెగుతుందో మాస్టారు చెప్పాడు. ఏ అరుపుకి ఎవరి చెయ్యి కదులుతుందో వాళ్లు చెప్పారు. గుంట గొయ్యి అయింది. మాట తేడా వచ్చినప్పుడల్లా పని ఆపి తేల్చుకునేవాళ్లు, కొన్నిసార్లు పోట్లాడుకునేవాళ్లు కూడా.

నెలాఖరు పరీక్షకి శ్రీరామ్మూర్తి గారు స్వయంగా వచ్చారు. జగ్గారావు క్రేనుకి సైగలు చేస్తున్నాడు. ప్లేటు దిగుతోంది, మనుషులు అంచులు పట్టుకున్నారు. చివర్లో అది ఒక్కసారి ఊగింది. రాజమండ్రి మనిషి ఇంజనీరు గారు ఆగలేక తనూ చెయ్యి వేశారు.

"సెయ్యొగ్గీండ్రా!" అని మనుషులకేసి అరిచాడు అచ్యుతరామయ్య.

"వదలండి సార్, వదలండి!" అని ఇంజనీరుకేసి అరిచాడు జగ్గారావు.

చేతులన్నీ ఒక్కసారే వెనక్కి వచ్చాయి. ఇంజనీరు గారిది కూడా. ప్లేటు దుంగల మీద కూర్చుంది.

జగ్గారావు పకపకా నవ్వాడు. ఈసారి మాస్టారు కూడా నవ్వాడు. నవ్వుతూనే, "వీడు పాసండీ" అన్నాడు.