కూల్చిన గోడల నీళ్ళు

మా పూలమొక్కల నర్సరీ పక్కనున్న నాలుగంతస్తుల పాత బిల్డింగుని కూల్చే కాంట్రాక్టు మా అక్క మొగుడికే దక్కింది. సంతోషించాలో, నెత్తీనోరూ కొట్టుకోవాలో తెలియలేదు. మొదటిరోజే దుమ్ము నర్సరీలోనే ఉన్న మా ఇంట్లోకొచ్చి నాన్నకి ఆయాసం ఎక్కువైంది. ప్రహరీ గోడ దగ్గర నిలబడి బావ చెవుల తుప్పు వదిలేలా అరిచాను.

"నీళ్ళు కొట్టించు బావా! ఈ దుమ్ము ఆపకపోతే అక్కని పుట్టింటికి తెచ్చేసుకుంటా."

"ముందే చెబితే ఇంకాస్త దుమ్ము లేపేవాణ్ణి కదా మరదలా!"

వేళాకోళమాడాడే గాని, మర్నాటినుంచి పైపు పెట్టించి శిథిలాల కుప్ప మీద ఆగకుండా నీళ్ళు కొట్టించాడు. నాన్న ఊపిరి కుదుటపడింది. నా మాట నెగ్గిందని మురిసిపోయాను.

వారం తిరిగేసరికి గోడవారనున్న చామంతి నారు పాలిపోయింది. ఎరువు వేశాను, మందు కొట్టాను, ఏమీ తోచక నాన్న మీద విసుక్కున్నాను. ఆ నారు పోతే ఈ సీజనంతా మేం చేతులు ముడుచుకు కూర్చోవాల్సిందే.

ఆ మధ్యాహ్నం గోడ కిందనుంచి పారుతున్న నీళ్ళలో చేతులు కడుక్కుని, నడుముకి దోపుకున్న వంటింటి గుడ్డతో తుడుచుకున్నాను. గుడ్డ మీది పసుపు మరక కాస్తా ఎర్రగా మారిపోయింది. సబ్బు తగిలినా, సున్నం తగిలినా పసుపు అలాగే ఎర్రబడుతుంది. ఈ నీళ్ళలో వాటిని ఎవడు కలిపాడు?

ఇక నాకు కాలు నిలవలేదు. మా కుళాయి నీళ్ళతో చూశాను. పసుపు పసుపుగానే ఉంది. అవతలికెళ్ళి ఓ కాంక్రీటు ముక్క తెచ్చి, తడిపి, గుడ్డకేసి రుద్దాను. ఏళ్ళ తరబడి గాలి తగిలిన పైభాగంతో రంగు మారలేదు. సుత్తితో పగలగొట్టి లోపలి భాగం రుద్దితే గుడ్డ ఎర్రబడింది. భలే వింతగా అనిపించి ఇంకో ముక్క పగలగొట్టాను.

"ఏంటి మరదలా, నా పని నువ్వు చేస్తున్నావు?" వెనకనుంచి బావ.

"ఇంత పాత బిల్డింగైనా లోపలి సిమెంటులో సున్నం ఘాటు పోలేదు బావా! పగలగొట్టినకొద్దీ బయటపడుతోంది. నీ పైపు దాన్ని కడిగి మా నారుకి తాగిస్తోంది."

ఆ పైపు పెట్టించింది నేనే. అది గుర్తొచ్చి నామీద నాకే ఒళ్ళు మండింది.

బావ నమ్మలేదు. తనూ ఓ ముక్క తీసుకుని రుద్ది, గుడ్డని వెలుగుకి పెట్టి చూశాడు.

"అయితే నీళ్ళు ఆపించేయనా?"

"ఆపితే దుమ్ము." లోపల నాన్న దగ్గుతున్నాడు.

బావ కాసేపు తల గోక్కున్నాడు. "పోనీ, నీళ్ళు కొట్టిస్తూనే ఉంటా. ఈ కుప్పని మాత్రం సాయంత్రానికల్లా లారీల్లో ఎత్తించేస్తా. ఇకముందు కూడా ఏ రోజుది ఆ రోజే. మిగిలిన నారైనా నీకు దక్కుతుంది."

నాకు ప్రాణం లేచొచ్చింది. మా అక్క అదృష్టవంతురాలే అనుకున్నాను.

"ఎక్కడ పోయిస్తావు?" మాటవరసకే అడిగాను.

"వాగు ఒడ్డున పల్లం ఉందిగా. అక్కడ గోలపెట్టే మరదళ్ళెవరూ లేరు."

నవ్వబోయాను గాని నవ్వు రాలేదు.

"ఆ వాగులో చేపలుంటాయా బావా?"

"ఉంటాయి. ఎందుకూ?"

ఈ సున్నం నీళ్ళకి ఆ చేపలు చస్తాయని చెబితే ఈ కుప్ప మా గోడ దగ్గరే ఉండిపోతుంది. నోరు మూసుకుంటే మా నారు బతుకుతుంది.

"ఎందుకే?" అన్నాడు మళ్ళీ.

చెప్పేశాను.