తడిగోడ పక్క మంచం

అన్నం వండినట్టే, గోడ తుడవడం నాకు రోజువారీ పని. పడగ్గదిలో వెనకవైపు గోడ అది. దాని అవతల పక్కవాళ్ల ఇల్లుంది, వాళ్లు మాత్రం లేరు. అన్నదమ్ముల తగాదాలో తాళం పడింది, ఆ తర్వాత పైకప్పు కూలింది. కురిసిన వానంతా ఆ ఇంట్లోకి దిగి మా గోడలోకి ఊరుతుంది. నల్లగా బూజు పడుతుంది. బ్లీచింగ్ నీళ్లలో గుడ్డ ముంచి తుడిచేస్తాను. మర్నాడు మళ్లీ పడుతుంది. "ఆఖరికి గోడ కూడా నీ మాట వినదు చూడు" అని మా ఆయన ఒకసారి నవ్వాడు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ తెలియదు.

ఈ ఇల్లు కొనేటప్పుడు నన్ను చూడటానికి రమ్మనలేదు. "బడి మధ్యలో మానేసినదానివి, ఇళ్ల బేరాలు నీకేం తెలుస్తాయి? వచ్చాక వంటిల్లు సర్దుకో, చాలు" అన్నాడు. వచ్చాను, సర్దుకున్నాను. వచ్చిన ఏడాదే బాబుకి దగ్గు పట్టుకుంది. రాత్రిళ్లు వాడి ఛాతీ మీద చెయ్యి వేసుకుని పడుకుంటాను, ఊపిరి ఆడుతోందో లేదోనని. అత్తయ్య ఉండేది పక్క వీధిలో బావగారింట్లోనే అయినా, రోజూ వచ్చి ఓ మాట అనిపోతుంది. "తేమా లేదు, గీమా లేదు. తల్లికి శ్రద్ధ ఉండాలి. నేను నలుగుర్ని పెంచలా?" డాక్టరుగారు ఇంట్లో తేమ ఉందా అని అడిగితే మా ఆయన "అబ్బే, శుభ్రమైన ఇల్లండీ" అన్నాడు. నేను పక్కన నిలబడి తలూపాను.

చివరికి అమ్మేద్దామని ఆయనే అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. అయితే అమ్మడమంటే ముందు గోడకి రంగు వేయడమనీ, ఆరడానికి రాత్రీ పగలూ ఫ్యాను తిప్పడమనీ, ఆ తర్వాత ఇంకొకటి ఉందనీ అప్పుడు తెలియదు. ఈ ఉదయం ఇల్లు కొనేవాళ్లని తీసుకురావడానికి చెప్పులేసుకుంటూ ఆయన చెప్పాడు. "వీడికి ముందే మందు పట్టించెయ్. వాళ్లున్నంతసేపూ దగ్గు వినబడకూడదు." పట్టించాను. డాక్టరుగారు చెప్పినదానికన్నా కాస్త ఎక్కువే పట్టించాను. బిడ్డ మత్తుగా నిద్రపోతుంటే వాడి మొహంకేసి చూడలేక వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

కొనడానికొచ్చింది ఒక బస్సు డ్రైవరు, ఆయన భార్య, ఆమె చంకలో పాలు తాగే పిల్ల. మగవాళ్లు ముందు గదిలో కూర్చున్నారు. పిల్లకి పాలివ్వాలంటూ ఆమె నాతో లోపలికి వచ్చింది.

"గోడకి కొత్తగా వేశారా అక్కా?"

"ఇల్లంతా వేద్దామని... ముందు ఇది."

"మా ఆయనకి ఇంజను చప్పుడు తప్ప ఏదీ చెవికెక్కదు. 'ఆ ఇంట్లో పని చేసేది ఆవిడ, ఆవిణ్ణడిగి రా, మంచిదంటే తీసుకుందాం' అన్నాడు. చెప్పక్కా, ఎలా ఉంది ఇల్లు?"

నేను మంచిదంటే. ఇంత పెద్ద విషయంలో నన్నొక మనిషి అడగడం ఇదే మొదలు. అదీ నేను అబద్ధం చెప్పాల్సిన రోజున. "బాగుంటుంది" అన్నాను. నా గొంతు నాకే పరాయిదానిలా వినబడింది. ఆమె నవ్వి, కునుకు తీస్తున్న పిల్లని బాబు పక్కనే, గోడవైపు పడుకోబెట్టబోయింది.

"అటు వద్దు!"

"చీమలా?"

"తడి" అన్నాను. ఆ ఒక్క మాట వచ్చాక మిగతావి ఆగలేదు. కూలిన కప్పు, బూజు, దగ్గు, పొద్దున పట్టించిన మందు, అన్నీ గుసగుసగా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె పిల్లని భుజాన వేసుకుని బాబు వైపే చూస్తూ ఉండిపోయింది.

"మరి వీణ్ణి ముందు గదిలో పడుకోబెట్టొచ్చుగా అక్కా?"

"అక్కడ ఆయన పడుకుంటారు. దగ్గుకి నిద్ర పట్టదని... పొద్దున్నే డ్యూటీ."

"అది పొడిగానే ఉందా?"

"ఉంది."

ఆమె గుమ్మంలోంచి ముందు గదివైపు ఒకసారి చూసింది. ఇల్లు అమ్మమని ఏడ్చాను, గోడతో రోజూ కుస్తీ పట్టాను. పదడుగుల దూరంలో పొడి గది ఉంటే, అది అడగాలని కూడా నాకు తోచలేదు. అబద్ధం చెప్పినందుకు, ఆఖరికి ఆ మందు పట్టించినందుకు కూడా ఇంత సిగ్గుపడలేదు.

"ఆలోచించి చెబుతామండీ" అని, బయటికొచ్చిన భార్య మొహం చూసి డ్రైవరు లేచాడు. వాళ్లని సాగనంపడానికి మా ఆయన వీధి చివరిదాకా వెళ్లాడు. ఆయన తిరిగి వచ్చేసరికి, ఆయన పరుపు లోపల మంచం మీదకి చేర్చి, బాబుని ముందు గదిలో పడుకోబెట్టాను.

"ఏం చెప్పావే ఆమెకి? వాళ్లిక రారు! ఇదేంటి, నా పరుపేది?"

"లోపల వేశాను. ఇకనుంచి మేమిక్కడ పడుకుంటాం."

బేరం సంగతి కనుక్కుందామని అప్పుడే గుమ్మంలోకి వచ్చిన అత్తయ్య గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో అయ్యో! నా కొడుకుని ఆ తేమలో పడుకోబెడతావుటే?"