మేత ఆగిన ఏడు నిమిషాలు

పుంగనూరు దాటి మూడు కిలోమీటర్లు లోపలికి పోతే గంగాధరం పట్టుపురుగుల షెడ్డు వస్తుంది. మొదటి పెట్టెను దెబోరా ఆ షెడ్డు దూలానికి తన చేతులతోనే బిగించింది. కరెంటు సామాన్ల కొట్లో దొరికే తెల్ల ప్లాస్టిక్ పెట్టె అది. లోపల చిన్న మైకు, ఒక బోర్డు, బ్యాటరీ ఉన్నాయి.

వేల పురుగులు ఒక్కసారిగా మల్బరీ ఆకు మేస్తుంటే రేకుల మీద వాన పడినట్టు చప్పుడొస్తుంది. ఆ చప్పుడును బట్టి ఆకు ఎప్పుడు అయిపోయిందో, పురుగులకు ఎప్పుడు జబ్బు మొదలవుతోందో రైతు ఫోనుకు చెప్పాలన్నది ఆమె ఆలోచన. అంగళ్ళు ఊరి కాలేజీలో తనతోపాటు ఇంజనీరింగ్ చదివిన రిజ్వాన్ ఆమెకు జత కలిశాడు. వాళ్ళ నాన్న పట్టుగూళ్ళ నుంచి దారం తీసే మనిషి కాబట్టి, పురుగుల సంగతి అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు. ఇద్దరూ మదనపల్లెలో ఒక గది అద్దెకు తీసుకుని పన్నెండు నెలలు కష్టపడ్డారు. రెండో పెట్టెను కుప్పం దగ్గర కృష్ణవేణి షెడ్డులో తగిలించారు. ఇంకో ఇరవై రోజుల్లో పలమనేరులో నలభై మంది రైతుల ముందు దాన్ని చూపించి అమ్మకం మొదలుపెట్టాలి.

రెండో పెట్టె తగిలించిన మూడో రోజు గంగాధరం షెడ్డు గ్రాఫులో ఒక గుంత కనిపించింది. మధ్యాహ్నం రెండూ నలభై నుంచి సరిగ్గా ఏడు నిమిషాలు చప్పుడు సున్నా. నాలుగో రోజూ అంతే.

"మైకు పోయుంటాది," అన్నాడు రిజ్వాన్.

మైకు మార్చారు. గుంత అలాగే ఉంది. ఆ తర్వాత కుప్పం లెక్కలు తెరిచి చూసేసరికి దెబోరా వేళ్ళు కీబోర్డు మీదే నిలిచిపోయాయి. అక్కడ కూడా అదే రెండూ నలభై, అదే ఏడు నిమిషాలు. రెండు షెడ్లకూ మధ్య గంటల తరబడి బస్సు ప్రయాణం. పురుగుల వయసులు వేరు, మేత వేళలు వేరు.

"ఆ ఏడు నిమిషాలు ప్రోగ్రాంతో నింపేద్దాం. రైతుకేం తెలుస్తాది?" అన్నాడు రిజ్వాన్.

"యాల ఆగుతాండాయో తెలీకుండా యాడ అమ్మేది?" అంది దెబోరా.

ఆ రాత్రి పడుకోబోతూ రెండూ నలభైకి తానేం చేస్తోందో గుర్తుచేసుకుంది. రోజూ అన్నం తిని వచ్చి, పెట్టెలు బాగున్నాయో లేదోనని హెడ్‌ఫోన్లు పెట్టుకుని రెండు షెడ్లనూ నేరుగా వింటోంది. ఏమీ వినపడకపోతే సిగ్నలు లేదేమోననుకునేది. అది తప్ప ఇంకేమీ లేదు.

మర్నాడు ఆ వేళకు వినలేదు. గుంత రాలేదు. ఆ మర్నాడు పొద్దున పదీ పావుకు వింది. పదీ పావుకు రెండు షెడ్లలోనూ మేత ఆగింది.

రిజ్వాన్ దీనికి ఒక కారణం చెప్పాడు. నేరుగా వినే దారి తెరిచినప్పుడు బోర్డు ఎక్కువ కరెంటు లాగి, మన చెవికి అందని కూత పెడుతుండొచ్చు, దానికే పురుగులు బెదురుతుండొచ్చు అన్నాడు. సబబుగానే తోచింది. గంగాధరానికి ఫోన్ చేసి బోర్డును పొడుగు వైరుతో షెడ్డు బయటికి పెట్టించారు. అయినా ఆగింది. అప్పుడు దెబోరా ఇంకో పరీక్ష చేసింది. నేరుగా వినే దారిని తెరిచి, హెడ్‌ఫోన్లను బల్ల మీద పెట్టేసి ఇద్దరూ గది బయట నిలబడ్డారు. అదే కరెంటు, అదే బోర్డు, అదే సిగ్నలు. పురుగులు ఆపకుండా మేశాయి. దెబోరా లోపలికి వచ్చి హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకోగానే, తెర మీద గీత నేలకు రాలిపోయింది.

రిజ్వాన్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే దెబోరా కుప్పం బయలుదేరింది. పదకొండు నుంచి పన్నెండు లోపల ఎప్పుడైనా, తనకు చెప్పకుండా వినమని రిజ్వాన్‌తో ఒప్పందం చేసుకుంది.

కృష్ణవేణి నలభై ఏళ్ళ మనిషి. మాటకారి. షెడ్డులో కొమ్మలు పరుస్తూ కూతురి పరీక్షల సంగతి, మోటారు కాలిపోయిన సంగతి ఏకధాటిగా చెబుతోంది. నాలుగో జ్వరం లేచిన, అంటే నాలుగోసారి తోలు విడిచిన పురుగులు, వేలంత లావున, కొమ్మల మీద ఆబగా మేస్తున్నాయి. వాన చప్పుడు షెడ్డంతా నిండి ఉంది. దెబోరా గడియారం చూసుకుంది. పదకొండూ పది.

"అక్కా, ఈసారి గూళ్ళు ఎన్ని కిలోలు..." అని అడగబోయింది.

వాన ఆగిపోయింది.

పురుగులన్నీ ఒక్కసారే తలలు ఎత్తాయి. జ్వరానికి పోయేటప్పుడు ఎత్తినట్టు కాదు. ఈ చివరి అర నుంచి ఆ చివరి అర దాకా ప్రతి తలా దూలానికి ఉన్న పెట్టె వైపు తిరిగి ఉంది. కృష్ణవేణి చేతిలో కొమ్మ గాల్లోనే ఉంది. దెబోరా అడగబోయిన మాట గొంతులోనే ఉండిపోయింది. బలవంతాన చెప్పాలని చూసింది కానీ నోరు కదల్లేదు. తన మెడ కూడా పెట్టె వైపే తిరిగి ఉందని ఆమెకు కాసేపటికి గానీ తెలియలేదు. ఎవరో చాలా దగ్గరగా, చాలా ఓపికగా తనని వింటున్నారు. ఊపిరి శబ్దం కూడా దాచుకోవాలనిపించింది.

మళ్ళీ వాన మొదలైంది. కృష్ణవేణి కొమ్మను కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"దినామూ ఇట్లే పాపా. ఆ పెట్టె తగిలిచ్చినప్పటినుంచి. ఎవురో వాకిట్లో నిలబడుకొని మన మాట ఇంటాండినట్టు ఉంటాది. నోట్లోంచి మాట రాదు."

"ముందే చెప్పుంటే బాగుండేది కదక్కా!"

"సదువుకున్నోళ్ళు, నవ్వుతారేమో అనుకుంటి."

దెబోరా బయటికి వచ్చి రిజ్వాన్‌కు ఫోన్ చేసింది. "ఏం వినపడింది?"

"ఏమీ లేదు. ఆడ షెడ్డే లేనట్టు ఉండె. పదకొండూ పదికి పెట్టుకున్నా, పదకొండూ పన్నెండుకు తీసేసినా. రెండే నిమిషాలు."

"ఏడు నిమిషాలు ఆగినాయి రిజ్వాన్. నేను గడియారం సూసినా."

"నేను తీసి బల్ల మీద పెట్టేసినా దెబోరా. ఒట్టు," అన్నాడు రిజ్వాన్.

మిగిలిన అయిదు నిమిషాలు ఎవరు విన్నారు? దెబోరా ఫోను పెట్టేసింది. లోపలికి పోయి, స్టూలెక్కి, పెట్టె ఊడదీసింది. బ్యాటరీ వేరు చేసి సంచిలో వేసుకుంది. కృష్ణవేణి ఆమెకు మజ్జిగ ఇచ్చి, బస్సు వరకు తోడొచ్చింది. దారంతా ఇద్దరూ ఏదో ఒకటి గట్టిగా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

పలమనేరులో బస్సు మారి పుంగనూరులో దిగేసరికి నాలుగు దాటింది. గంగాధరం షెడ్డు వాకిట్లో కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, ఒంటరివాడు. పెట్టె తీసేయడానికి వచ్చానని చెప్పగానే ఆయన మొహం వాడిపోయింది.

"యాల తల్లీ? పురుగులు బాగానే ఉండాయి కదా."

"మేత ఆగిపోతాంది కదన్నా. మీరు గమనించలేదా?"

"గమనించకేం! ఆ పొద్దుకే కదా నేను లోపలికి పొయ్యేది. అవి నిలబడిపోతానే పోయి పెట్టె కింద కూసుంటా. మామూలుగా నాకు మాట పెగలదు, ఆ పొద్దు మాత్రం వస్తాది. మా ఇంటామె రత్నమ్మ పోయినంక ఎవురికీ సెప్పనివి అన్నీ సెప్పినా." ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. "నువ్వు ఇంటాండావని తెలుసమ్మా. ఎవురికీ సెప్పలేదు కదా?"

దెబోరాకు అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయింది.

"నాకేమీ వినపడలేదన్నా. ఆ ఏడు నిమిషాలూ ఏమీ రాదు. ఖాళీ."

గంగాధరం ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత తలుపులోంచి దూలం వైపు చూశాడు.

"మరి అంత బాగా ఇన్నింది ఎవురమ్మా?"

ఆయనే స్టూలు తెచ్చి వేశాడు. ఆమె మరలు విప్పుతున్నంతసేపూ కింద స్టూలు కదలకుండా పట్టుకున్నాడు. పెట్టె చేతిలోకి రాగానే ఒకసారి ఇమ్మని అడిగి, మూత మీది దుమ్మును పంచెతో తుడిచి తిరిగి ఇచ్చాడు.

మదనపల్లెలో రెండు పెట్టెల్లోనుంచీ మైకులు తీసేశారు. రికార్డింగులు చెరిపేశారు. రిజ్వాన్ తొమ్మిది రోజులు నిద్ర మానుకుని వేడి, గాలిలో తేమ మాత్రం కొలిచే పెట్టె తయారుచేశాడు. పలమనేరులో రైతులు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. చప్పుడు వినే పెట్టె అన్నారు కదా, అదేమైందని ఒకరిద్దరు అడిగారు. పరీక్షలో సరిగా రాలేదని చెప్పింది దెబోరా. పదకొండు మంది పేర్లు రాయించుకున్నారు. కృష్ణవేణి పేరూ అందులో ఉంది. ఆమె గూళ్ళు బాగానే వచ్చాయి.

గంగాధరం మీటింగుకు రాలేదు. వారం తర్వాత దెబోరాయే ఫోన్ చేసి, మొదట్నుంచీ సాయం చేశారు కాబట్టి ఒక పెట్టె ఊరికే పంపిస్తామని చెప్పింది.

"ఇది వింటాదామ్మా?" అన్నాడాయన.

"లేదన్నా. వేడి, తేమ సూపిస్తాది, అంతే."

ఫోనులో ఆయన ఊపిరి వినిపించింది. దాని వెనక, షెడ్డులో వాన.

"అయితే వద్దులేమ్మా," అన్నాడు గంగాధరం.