ట్యాపెట్ చప్పుడు

"ముందు టీ సంగతి చూడు. ఆ ఇంజను ఎక్కడికీ పారిపోదు," అన్నారు అత్తగారు మా రిపేరు షెడ్డు గుమ్మంలో నిలబడి.

టీ మాత్రం ఎక్కడికి పారిపోతుంది? ఈ పాత కారు పని ఇంజను చల్లగా ఉన్నప్పుడే చెయ్యాలి. అందుకే తెల్లారగానే మొదలుపెడతాను. మా ఆయన లేచి వచ్చేసరికి అయిపోతుంది కాబట్టి, తన దృష్టిలో నేనేమీ చెయ్యనట్టే.

వాల్వుకీ దాన్ని నొక్కే రాకరుకీ మధ్య వెంట్రుకంత సందుండాలి, దాన్నే ట్యాపెట్ సందంటారు. అందులో సన్నటి రేకు దూర్చి, అది కాస్త పట్టి పట్టి కదిలేదాకా స్క్రూ తిప్పి, స్క్రూ కదలకుండా నట్టు బిగించాలి. అలా ఎనిమిది వాల్వులకి. ఈ పని నాకు మామగారు నేర్పారు. "వేడికి ఇనుము సాగుతుందమ్మా. సందివ్వకపోతే వాల్వు సరిగ్గా మూసుకోక మాడిపోతుంది. టిక్ టిక్‌మంటే కంగారుపడకు," అనేవారు. ఆయన పోయాక ఆ మాట గుర్తున్నది నాకొక్కదానికే. మా ఆయనకి చప్పుడంటే పడదు, ఇంజనుదైనా, నాదైనా.

పోయినేడు ప్లీడరుగారి ఈ కారునే నేను సరిచేసి పెడితే, నా వెనకాల మా ఆయన సందు లేకుండా అన్నీ బిగించేశాడు. చప్పుడు ఆగింది. "నా చెయ్యి పడితే అంతే," అని మీసం దువ్వుకున్నాడు. నెల తిరక్కుండా వాల్వు మాడింది. అప్పుడు ప్లీడరుగారితో ఏమన్నాడో తెలుసా? "మా ఆవిడ చెయ్యి పెట్టిందండీ, చెబితే వినదు." వంటింట్లోంచి విన్నాను. ఒళ్ళు మండిపోయింది. అయినా ఆ ఇద్దరికీ టీ తీసుకెళ్ళి ఇచ్చాను. అలా ఇచ్చినందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇవాళ ఎనిమిదీ పూర్తిచేసి, మూత బిగించి స్టార్ట్ చేశాను. సన్నగా, సమంగా టిక్ టిక్. ఎంత బాగుందో! మా ఆయన కళ్ళు నులుముకుంటూ వచ్చి పానా అందుకున్నాడు.

"ఏంటా గోల? ప్లీడరుగారు వచ్చే వేళయింది. కొంచెం బిగిస్తాను. నువ్వెళ్ళి టీ పెట్టు."

"ముట్టుకోకండి," అన్నాను. పానా తన చేతిలోంచి తీసుకున్నాను.

అప్పుడే ప్లీడరుగారు గేటు తోసుకుని వచ్చారు. "ఏమ్మా, మీ ఆయన పని పూర్తయిందా?"

"పని నాదండీ. పూర్తయింది. ఈ చప్పుడు ఉండాల్సిందే. పోయినసారి ఇది వినపడకుండా బిగించడం వల్లే వాల్వు మాడింది. అలా బిగించింది నేను కాదు."

"నీకెందుకే ఇవన్నీ..." అని మా ఆయన నసిగాడు. అత్తగారు నా వంకా, కొడుకు వంకా చూసి, టీ పెట్టడానికి తనే లోపలికి వెళ్ళారు.

కారు తాళాలు నేనే ప్లీడరుగారి చేతిలో పెట్టాను.

"ఏదైనా తేడా వస్తే నన్నే అడగండి," అన్నాను. "బాగా నడిచినా నాకే చెప్పండి."