వేలు పెట్టని మనిషి

ఫోను తెర మీద నిన్నటి వేలిముద్రలు ఇంకా ఉన్నాయి. అతను మెత్తని బట్టతో తుడిచి, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూసి, మూలన మిగిలిన జిడ్డు మరకను మళ్ళీ తుడిచాడు. వచ్చేవాళ్ళకు ముందటివాళ్ళ వేళ్ళ జాడ కనబడకూడదు. కనబడితే ఆ దారినే పోతారు. తర్వాత కుర్చీని బల్లకు దగ్గరగా జరిపాడు. మంచినీళ్ళ గ్లాసు నింపి ఎడమ పక్కన పెట్టాడు. పైన వేలాడుతున్న చిన్న కెమెరాను చేతులు మాత్రమే కనిపించేలా వంచాడు. ఎదుటి గోడకున్న పెద్ద అద్దంలో అతని ముఖం కనిపించింది. అటువైపు కూర్చునేవాళ్ళకు అది అద్దం కాదు, కిటికీ.

కొత్త యాప్ ఏదైనా జనంలోకి వెళ్ళేముందు ఈ గదికి వస్తుంది. బయటి నుంచి పిలిపించిన మామూలు మనుషులు ఒక్కొక్కరే ఆ కుర్చీలో కూర్చుని దాన్ని వాడి చూస్తారు. వాళ్ళు ఎక్కడ తడబడుతున్నారో, దాన్ని తయారుచేసినవాళ్ళు అద్దం వెనక నుంచి గమనిస్తారు. పక్కన కూర్చుని పని చెప్పడం అతని ఉద్యోగం. పని చెప్పాలి గాని దారి చెప్పకూడదు. "ఇది నొక్కాలాండీ?" అని అడిగితే, "నొక్కితే ఏమవుతుందని మీకనిపిస్తోంది?" అని తిరిగి అడగాలి. చిక్కుకుపోతే చూస్తూ ఊరుకోవాలి. కళ్ళు కూడా పొరపాటున సరైన మీట వైపు పోకూడదు. చేతులు తమంతట తామే లేస్తాయని, అతను బల్ల కింద ఒక చేతిని రెండో చేత్తో పట్టుకుని కూర్చునేవాడు.

ఆఫీసులో అతన్ని మునిగారు అంటారు. "మునిగారి ముందు పొలమారి గిలగిల్లాడుతున్నా సరే, నీళ్ళివ్వరు. ఇప్పుడు మీకేమనిపిస్తోందండీ అని అడుగుతారు" అని డిజైనరమ్మాయి కొత్తగా చేరినవాళ్ళకు చెబుతుంది. అందరూ నవ్వుతారు. అతనూ నవ్వుతాడు.

ఇవాళ పొద్దున ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు.

"అక్క మళ్ళీ ఫోన్ చేసింది" అంది భార్య, అతను బూట్లు వేసుకుంటుండగా. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు చెక్కి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. ఆమె అక్క ఎక్కడో కొండ మీది ఊళ్ళో సొంతంగా అలాంటి దుకాణమే పెట్టుకుంది. "సాయంత్రం బండికి వచ్చెయ్యమంటోంది. వెళ్తే నాలుగు రోజులు ఉండి రావడానికి కాదు. వెళ్ళిపోవడానికే."

అతను బూటు తాడు ముడివేస్తూ తలెత్తలేదు.

"వెళ్ళమంటారా, వద్దంటారా? ఒక్కమాట చెప్పండి. 'నీకేమనిపిస్తోంది' అని మాత్రం అనకండి. నాకేమనిపిస్తోందో చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది."

అతను నోరు తెరిచాడు. నాలుక చివర ఉన్నది సరిగ్గా ఆ ప్రశ్నే. మింగేశాడు.

"సాయంత్రం చెప్తాను."

"చెప్పకపోతే వెళ్తాను" అంది ఆమె. గొంతులో కోపం లేదు. కూర తరుగుతూ ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. అదే అతన్ని భయపెట్టింది.

ఉద్యోగమే తనను ఇలా తయారుచేసిందని అతను చాలాకాలం నమ్మాడు. నిజానికి నీరు పల్లాన్ని వెతుక్కున్నట్టు ఆ ఉద్యోగం అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. చిన్నప్పటి నుంచీ అతనికి ఒకటే భయం: చెప్పినవాడి మీదే తప్పు పడుతుంది. చెప్పనివాడిని ఎవరూ ఏమీ అనరు. ఆ భయానికి ఈ గది మర్యాదగల పేరు పెట్టింది, జీతం కూడా ఇచ్చింది. పెళ్ళయిన కొన్నేళ్ళకు, పిల్లలు కలగరని తేలాక, ఒక మధ్యాహ్నం ఆమె అడిగింది. "ఒక పాపను తెచ్చుకుందామా?" అతనికి కావాలని ఉంది. ఛాతీ బరువెక్కేంతగా ఉంది. కానీ తెచ్చుకున్నాక ఆమె కష్టపడితే? తన మాట విని కష్టపడ్డానని అంటే? "నీకెలా అనిపిస్తోంది?" అన్నాడు. అది ఆమె ఇష్టానికి ఇచ్చిన గౌరవమని అనుకున్నాడు. ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసి, లేచి వెళ్ళి స్టవ్ కట్టేసింది. ఆ తర్వాత మరో రెండుసార్లు అడిగింది. తర్వాత అడగడం మానేసింది. తర్వాత వయసు కూడా దాటిపోయింది.

మధ్యాహ్నం భోజనాలకు ముందు ఒక పెద్దావిడ వచ్చింది. పొట్టిగా, బొద్దుగా, చేతిసంచీని ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది.

"తప్పు చేస్తే కొడతారా ఏంటి నాయనా?"

"పరీక్ష ఈ యాప్‌కండీ, మీకు కాదు" అన్నాడతను, అందరికీ చెప్పే మాటే.

"మరి చెమటలు నాకెందుకు పడుతున్నాయి?"

అద్దం వెనక ఎవరో నవ్వే ఉంటారు. ఆవిడకు అప్పజెప్పిన పని చిన్నదే. ఆసుపత్రి యాప్‌లో మనవరాలికి డాక్టరు ఇచ్చిన సమయాన్ని మరో రోజుకు మార్చాలి. ఆవిడ బాగానే వెళ్ళింది. రోజు ఎంచుకుంది. ఫోన్ నంబరు కొట్టింది. కొట్టడానికి లేచిన అంకెల పలక తెర సగం కప్పేసి అలాగే ఉండిపోయింది. ఖాయం చేసే మీట దాని కింద పడిపోయింది. ఆవిడ తెర వైపు చూసింది. ఏమీ జరగలేదు. నంబరు తప్పు కొట్టానేమోనని చెరిపి మళ్ళీ కొట్టింది. మళ్ళీ చెరిపింది.

"ఇప్పుడు మీరేం చేద్దామనుకుంటున్నారు?" అన్నాడతను.

"అదే తెలీడం లేదు. మా అల్లుడు అంటూనే ఉంటాడు, అత్తయ్యా మీకివన్నీ రావులెండి అని. బుర్ర లేదు నాయనా నాకు."

ఈ కుర్చీలో చిక్కుకున్న ప్రతివాళ్ళూ తమనే తిట్టుకుంటారు. మీటను దాచినవాళ్ళను ఒక్కరూ తిట్టరు. అది అతను ఎప్పటి నుంచో చూస్తున్నదే. ఆవిడ మళ్ళీ కొట్టింది. ఈసారి ఒక అంకె రెండుసార్లు పడింది. కొంగుతో పెదవి పైన తుడుచుకుంది. తెర మీంచి కళ్ళు ఎత్తి, మొదటిసారి అతన్ని నిజంగా చూసింది.

"నువ్వు పక్కనే ఉన్నావు. నీకు తెలుసు. తెలిసి కూడా చెప్పవా?"

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఆశ్చర్యం మాత్రమే ఉంది. మనిషి అలా ఎలా ఉండగలడన్న ఆశ్చర్యం.

బల్ల కింద పట్టు వదిలిపోయింది. అతని చెయ్యి పైకి వచ్చింది. కెమెరా కింద, వెలుతురులో, అది తనది కానట్టు కనిపించింది. వేలితో అంకెల పలకను కిందికి తోశాడు. నీలిరంగు మీట బయటపడింది.

"ఇదిగోండి. ఇక్కడుంది. ఇది నొక్కండి."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! ఇంతసేపూ దీని కింద నక్కి కూర్చుందా దొంగముండ!" ఆవిడ మీట నొక్కి, పెద్దగా నవ్వి, అతని ముంజేతి మీద తట్టింది.

ఆవిడ వెళ్ళగానే డిజైనరమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది.

"ఎంత పని చేశారండీ మునిగారూ! ఆ మీటను పైకి జరపమని నేను ఎన్నాళ్ళుగా పోరుతున్నాను! ఆవిడ అక్కడే ఆగిపోయి ఉంటే పైవాళ్ళకు చూపించేదాన్ని. మీరు సాయం చేశారు కాబట్టి ఈ పరీక్ష చెల్లదంటారు ఇప్పుడు."

"ఆవిడ ఏడ్చేలా ఉంది."

"ఏడవనివ్వాల్సింది" అని, తన మాట తనకే విడ్డూరంగా వినిపించిందేమో, నాలుక కరుచుకుంది. "అంటే, నా ఉద్దేశం అది కాదు. కానీ ఆవిడొక్కరికి దారి చూపించి, వెనకొచ్చేవాళ్ళందరికీ తలుపు మూశారు."

ఆ అమ్మాయి చెప్పింది నిజమే. అతనికి అర్థమైంది కూడా. కానీ ఆ మాటల కింద, ఒంట్లో ఎక్కడో, చాలా కాలం తిమ్మిరెక్కిన కాలికి రక్తం పారుతున్నట్టు చిటపటలాడుతోంది. తన చెయ్యి లేచింది. చెప్పడం వచ్చింది తనకు. లేచిన చేతికి నోటి దాకా ఎంత దూరం?

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటను వల్లెవేశాడు. వెళ్ళకు. పెదవులు కదులుతుంటే పక్కనున్నాయన ఓరకంట చూసి, తన సంచీని కాస్త అటు లాక్కున్నాడు. వెళ్ళకు. ఇంత చిన్న మాట. దీనికి ముందు మాట అక్కర్లేదు, వెనక మాట అక్కర్లేదు. ఒక పిల్లాడు కూడా అనగలడు. దిగే చోటు దాటిపోతుందేమోనని రెండు స్టాపుల ముందే లేచి నిలబడ్డాడు.

తలుపు తీసే ఉంది. పడకగదిలో ఆమె మంచం మీద మోకాళ్ళూని, సూట్‌కేసు మూత మీద బరువంతా వేసి, జిప్పు లాగుతోంది. జిప్పు మూల మలుపు దగ్గర పట్టేసింది.

"వచ్చారా" అంది తిరగకుండానే.

అతను గుమ్మంలో నిలబడ్డాడు. మాట గొంతులోనే ఉంది. ఆమె మళ్ళీ లాగింది. వేళ్ళు జారిపోయాయి. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మూత మీద మోచెయ్యి ఆనించి, ఇంకోసారి లాగింది. జుట్టుపాయ ఒకటి చెమటకు చెంపకంటుకుంది. ఆగి, చేతులు ఒళ్ళో వేసుకుని, అతని వైపు చూసింది. చూస్తూ ఉంది. ఆ చూపు అడుగుతున్నదేమిటో అతనికి తెలుసు. పొద్దుటి నుంచి తెలుసు. ఎన్నో ఏళ్ళ నుంచి తెలుసు.

అతని చెయ్యి లేచింది.

అతను వచ్చి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. జిప్పు వెనక్కి లాగి మూత ఎత్తాడు. పైన పడివున్న లావుపాటి ఊలు స్వెట్టరే అడ్డం. దాన్ని తీసి పక్కన పెట్టి, అంచుల్లో ఇరుక్కున్న చీర చెంగు లోపలికి దోపి, మూత దించి, ఒక చేత్తో అదిమి రెండో చేత్తో జిప్పు లాగాడు. మూల మలుపు తిరిగింది. చివరిదాకా, ఎక్కడా ఆగకుండా, సాఫీగా మూసుకుంది. ఒక్క క్షణం అతనికి నిజంగానే సంతోషం కలిగింది.

తలెత్తి చూశాడు. ఆమె ముఖంలో ఏదో ఆరిపోయి ఉంది.

"సరే" అంది ఆమె నెమ్మదిగా. "ఇన్నాళ్ళకు జవాబు చెప్పారు."

కాదు, అది కాదు. నోరు కదిలింది. దారంతా వెంట వచ్చిన మాట అక్కడ లేదు. వెతికాడు. దాని చోట ఖాళీ ఉంది, పన్ను ఊడిన చోట నాలుక తగిలినట్టు.

"మూల దగ్గర పట్టేసింది. అంతే" అన్నాడు.

"అవును. అంతే." ఆమె లేచి చెప్పులు వేసుకుంది. "ఫ్రిజ్‌లో పెరుగుంది. రేపటికి పులుస్తుంది, ఇవాళే తినెయ్యండి."

కింద ఆమె పిలిపించుకున్న కారు హారను వినిపించింది. ఆమె సూట్‌కేసు పిడి పట్టుకోబోతే, "బరువు, నేను తెస్తాను" అన్నాడు. ఆ మాట మాత్రం ఇట్టే వచ్చింది. మెట్లన్నీ తనే మోసుకు దించాడు. డ్రైవరు డిక్కీ తెరిచాడు. ఆమె కూర్చున్నాక కొంగు తలుపులో పడకుండా లోపలికి సర్ది, తలుపు మెత్తగా వేశాడు. ఆమె అద్దం దించుతుందేమోనని చూశాడు. దించలేదు. వీధి చివర దీపం దగ్గర కారు తిరిగింది.

పైకి వచ్చి లైటు వెయ్యకుండా కూర్చున్నాడు. కొండ మీది ఊరికి బండి తెల్లవారుజామున చేరుతుంది. అక్కడ అప్పుడు చలి ఎముకలు కొరికేస్తుందని ఆమె అక్క చెప్పేది. ఆ సంగతి అతనికి తెలుసు.

దుప్పటి మీద సూట్‌కేసు ఆనిన గుంట పక్కన, అతను చేతికందినట్టు పెట్టేసిన స్వెట్టరు తన బరువుకు తానే మెల్లగా మడత విడిపోయి, ఒక చెయ్యి మంచం అంచు మీంచి కిందికి జారి వేలాడింది.